తెలిసిన మంచు

పొగలో కార్బన్ మోనాక్సైడ్ కొలిచే ఎనలైజర్‌ను పొద్దున్నే నమ్మకూడదు. ముందు నైట్రోజన్ పంపి జీరో చూడాలి. తరవాత, ఎంత మోనాక్సైడ్ ఉందో సర్టిఫికెట్ ఉన్న సిలిండర్ తిప్పి, అంకె నిలిచేదాకా ఆగి, ఆ సర్టిఫికెట్ అంకె చూపేలా స్పాన్ సరిచేయాలి. పాల్వంచలో బొగ్గు పొగ కొలుస్తూ బతికినవాణ్ణి. వానాకాలం శాంపిల్ గొట్టంలో తేమ చేరితే ఎంత తంటానో తెలుసు. ఇన్‌ఫ్రారెడ్‌ను మోనాక్సైడే కాదు, నీరూ మింగుతుంది.

నక్షత్రాలు పుట్టే చీకటి మబ్బుల్లో ఇదే మోనాక్సైడ్ ధూళి రేణువుల మీద గడ్డకట్టి ఉంటుంది. వెనకున్న నక్షత్రం వెలుగులో 4.67 మైక్రాన్ల దగ్గర ఒక పల్లం కనిపిస్తుంది. అది మోనాక్సైడ్‌దేనని ఎవరు చెప్పాలి? అక్కడికి స్పాన్ సిలిండర్ పంపలేం. అందుకే ఆ మంచును ఇక్కడే తయారుచేస్తారు.

గాలంతా తోడేసిన ఉక్కు గదిలో, మైనస్ 263 డిగ్రీలకు చల్లబరిచిన కిటికీ మీదికి వాయువును సన్నగా వదులుతారు. కిటికీ గాజుది కాదు, జింక్ సెలినైడ్ లాంటిది. గాజు ఈ కిరణాలను పోనివ్వదు. ముందుగా ఖాళీ కిటికీని స్కాన్ చేస్తారు. వాళ్ల జీరో అదే. అంత శూన్యంలోనూ మిగిలిన నీటి ఆవిరి వచ్చి అంటుకుంటూనే ఉంటుంది.

వాయువుగా ఉన్న మోనాక్సైడ్ గిర్రున తిరుగుతుంది కాబట్టి దాని స్పెక్ట్రంలో గీతలు దువ్వెన పళ్లలా వరసగా ఉంటాయి. అవెంత నికరమంటే, ఇన్‌ఫ్రారెడ్ పరికరాలకు అవే కొలబద్దలయ్యాయి. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన మన కె. నరహరిరావు, మరో ఇద్దరితో కలిసి ఇలాంటి ప్రమాణాల మీద పుస్తకం తెచ్చింది 1966లో. మా పాల్వంచ విద్యుత్ కేంద్రం కేటీపీఎస్ మొదటి యూనిట్ మొదలైందీ ఆ ఏడే.

గడ్డకడితే అణువుకు తిరిగే చోటుండదు. గీతలన్నీ పోయి ఆ 4.67 మైక్రాన్ల చోటే, అంటే సెంటీమీటరుకు 2139 తరంగాల దగ్గర, ఒకే పల్లం మిగులుతుంది. నీటితో కలిపి గడ్డకట్టిస్తే దాన్ని ఆనుకుని 2152 దగ్గర ఇంకోటి పుడుతుంది. నా మనసంతా ఈ రెండోదాని మీదే. చిలీలోని పెద్ద టెలిస్కోపుతో ఆ మబ్బులను చూసి 2003లో ప్రకటించిన స్పెక్ట్రాల్లో అది కనిపించలేదు. అంటే మోనాక్సైడ్ చాలావరకు నీటిలో కలవకుండా, పైన వేరే పొరగా పేరుకుంటోందన్నమాట. ఇది ఎందుకు ముఖ్యమంటే, మోనాక్సైడ్ ఉన్న మంచు మీద హైడ్రోజన్ పరమాణువులు విడివిడిగా పడితే, అంత చలిలోనూ మిథనాల్ తయారవుతుందని 2002లో జపాన్‌లోని హొక్కైడో యూనివర్సిటీవాళ్లు చూపించారు. లేని గీత గురించి మాట్లాడాలన్నా, అది ఉండాల్సిన చోటేదో ఎవరో ఒకరు ముందే కొలిచి ఉండాలి కదా.

ఎన్ని అణువులున్నాయన్న లెక్క ఇంకా కష్టం. పొర మందం లేజర్‌తో తెలుస్తుంది. సాంద్రత మాత్రం మంచును ఏ చలిలో పేర్చారన్నదాన్ని బట్టి మారుతుంది. 2015లో ఒక ఫ్రెంచి బృందం ఒక్కో అణువు ఎంత కాంతి మింగుతుందన్న పాత కొలతలన్నీ తిరగేసి, సాంద్రతలు సవరించి, కొన్ని మంచులను మళ్లీ కొలిచింది. అక్కడ అంకె మారితే, దాన్ని వాడి లెక్కగట్టిన మబ్బులన్నిట్లోనూ లెక్క మారుతుంది.