అర్థమైందా అంటే అయిందనే అంటారు

ఆన్‌లైన్ క్లాసులో "అర్థమైందా?" అని అడిగితే "అయింది సార్" అనే వినిపిస్తుంది, అదీ మైకు ఆన్‌లో ఉన్న ఇద్దరు ముగ్గురి నుంచి. మిగతావాళ్ల పేర్లు తెరమీద ఉంటాయి, పిల్లలు ఉన్నారో లేచి వెళ్లారో తెలీదు. ఈ జబ్బుకి మనవాళ్లు వేసే మందు ఎప్పుడూ ఒకటే, ఇంకాస్త మంచి వీడియో. 1975-76లో సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగంతో ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పల్లెలకు టీవీ పాఠం వచ్చింది. 2020లో బడులు మూతపడితే దూరదర్శన్ సప్తగిరి పాఠాలు చెప్పింది. 2022 డిసెంబరులో సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులిచ్చారు. బొమ్మ మెరుగైంది, నిజమే. కానీ రికార్డు చేసిన గొంతు, పిల్ల తప్పు చూసి తన మాట మార్చుకోలేదు.

ఇంటరాక్టివ్ అని పిలవాల్సింది ఆ మార్చుకోవడాన్నే అని నా వాదన. అరకు మూడోవంతు కలిపితే ఎంత అని పోల్ పెట్టండి. ఆప్షన్లలో 5/6తో పాటు 2/5 కూడా ఉండాలి, ఎందుకంటే పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడే పిల్లలు అక్కడే నొక్కుతారు. సగంమంది 2/5 నొక్కితే మాస్టారు తర్వాతి లెక్కకు వెళ్లకూడదు. సగంకన్నా 2/5 చిన్నది కదా, కలిపితే తగ్గిందేమిటని అడగాలి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి చేసింది ఇదే: ప్రశ్న, ఓటు, పక్కవాడితో వాదన, మళ్లీ ఓటు. ఓటుకి రిమోట్ ఇచ్చినా అట్టముక్క ఇచ్చినా నేర్చుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా లేదని కెనడా కాలేజీలో నథానియల్ లాస్రీ చేసిన పరిశీలన 2008లో అచ్చయింది. యాప్‌లు అమ్మేవాళ్లు ఈ సంగతి ఎత్తరనుకోండి.

ఇలా ఆగుతూ పోతే సిలబస్ ఎప్పటికి అవుతుందంటారు. 2/5 దగ్గర ఆగిపోయిన పిల్లకు బీజగణితం పూర్తిచేసి ఏం లాభం? పందెం పెడితే పిల్లలు ఆటలో పడతారన్న ఫిర్యాదులో మాత్రం పస ఉంది. కహూట్ లాంటి క్విజ్ యాప్‌లలో మామూలుగా సరైన జవాబు తొందరగా నొక్కినవాడికే ఎక్కువ పాయింట్లు. ఆలోచించి నొక్కే పిల్ల నాలుగు ప్రశ్నలకే చేతులెత్తేస్తుంది. టైమరూ ర్యాంకులూ తీసేసి, పేర్లు కనపడకుండా పెడితే సరి.

అసలు చిక్కు ఫోను. మిరపకోతల రోజుల్లో రాజుపాలెం లాంటి పల్లెల్లో ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ పొద్దున్నే చేనికి పోతే, పదకొండు గంటల లైవ్ పోల్‌లో ఆ ఇంటి పిల్ల ఉండదు. ఆమెకోసం అదే ప్రశ్న రాత్రి ఎనిమిదికి వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చు, కీప్యాడ్ ఫోనైతే ఒక్క అక్షరం ఎస్సెమ్మెస్ చాలు. ఎవరెవరు ఏది నొక్కారో మాస్టారు మర్నాడు క్లాసు మొదలుపెట్టేలోపు చూసుకోవాలి. దానికి పట్టే అరగంటను ఏ టైంటేబుల్లోనూ ఇప్పటిదాకా ఎవరూ వేయలేదు.