గొంతు వెనక్కి జరిగితే

హైదరాబాద్‌లోని మధురానగర్, యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ సందుల్లో ఎడిటింగ్ గదులూ డబ్బింగ్ థియేటర్లూ ఇళ్ల మధ్యే కలిసిపోయి ఉంటాయి. పక్కనే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో పెద్ద స్టూడియోలు. పాటంటే ఎలా ఉండాలో ఇవాళ తెలుగు చెవికి నేర్పేది చాలావరకు ఈ పేటలే. ఆ చెవికి ఒక అలవాటుంది. ముందు గొంతు వినాలి, పల్లవి పట్టుకోవాలి, వాద్యాలు పక్కకు తప్పుకుని గొంతుకు దారివ్వాలి. మిక్సింగూ ఆ లెక్కనే జరుగుతుంది. అలాంటి చెవితో డెత్ మెటల్ ఆల్బమ్ పెడితే నిమిషంలో తీర్పు వచ్చేస్తుంది: ‘ఏంటీ అరుపులు?’

హీరో స్లో మోషన్‌లో నడిచొస్తుంటే బీజీఎంలో గుర్రుమనే డిస్టార్షన్ గిటార్‌కి మాత్రం ఈలలు వేస్తాం. కాబట్టి ఇబ్బంది ఆ శబ్దంతో రాలేదు. ఆ శబ్దమే పాటంతా ఏలుతున్నప్పుడు చెవి ఎక్కడ పెట్టాలో తెలియక వచ్చింది. అండర్‌గ్రౌండ్ మెటల్‌ను బేరీజు వేయడం ఇక్కడే మొదలవుతుంది: చెవిని గొంతు మీంచి తీసి గిటార్ మీద పెట్టాలి.

ఉదాహరణలకు దూరం పోనక్కర్లేదు. విశాఖపట్నం బ్యాండ్ ‘అగెయిన్‌స్ట్ ఈవిల్’ 2018లో ‘ఆల్ హెయిల్ ద కింగ్’, 2021లో ‘ఎండ్ ఆఫ్ ద లైన్’ ఆల్బమ్‌లు తెచ్చింది. హైదరాబాద్, బెంగళూరులతో ముడిపడిన ‘గాడ్‌లెస్’ 2016లో ‘సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్’, 2018లో ‘స్వార్మ్’ అనే చిన్న రికార్డులు చేసి, 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ అనే పూర్తి ఆల్బమ్‌కి వచ్చింది. రెండూ పాడేది ఇంగ్లీషులోనే. ఈ పాటల వెనక సినిమా కథా లేదు, హీరో ముఖమూ లేదు. నిలబడితే తమ కాళ్ల మీదే నిలబడాలి.

మొదట అడగాల్సింది, ఇది ఏ కోవకు చెందిందని. అగెయిన్‌స్ట్ ఈవిల్‌ది జూడాస్ ప్రీస్ట్ లాంటి బ్యాండ్లు వేసిన పాత హెవీ మెటల్ బాట. జంట గిటార్లు ఒకే ట్యూన్‌ను వేర్వేరు స్వరాల మీంచి కలిసి నడపాలి, జనం గొంతు కలిపే కోరస్ ఉండాలి. అది నోట్లో ఆడకపోతే లోపమే. గాడ్‌లెస్‌ది డెత్ మెటల్. అక్కడ అలాంటి కోరస్ కోసం వెతకడం దండగ. నిదానంగా సాగే డూమ్‌లో వేగం లేదనో, బ్లాక్ మెటల్ శుభ్రంగా వినిపించడం లేదనో అనడం ఉలవచారు తియ్యగా లేదని వంకపెట్టడమే.

తర్వాతది రిఫ్. పదేపదే తిరిగొచ్చే గిటార్ వరస. మన పాటలో పల్లవి చేసే పని మెటల్‌లో ఇది చేస్తుంది. 1970 ఫిబ్రవరి 13న వచ్చిన బ్లాక్ సబాత్ తొలి ఆల్బమ్‌ను ఈ సంగీతానికి మొదలుగా చెప్పుకుంటారు. ఆ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీ బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. కరిగించిన ప్లాస్టిక్‌తో తొడుగులు చేసుకుని, సన్నటి తీగలు బిగించి వాయించాడు. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’కి వచ్చేసరికి తీగల శ్రుతి బాగా దించాడు. వదులు తీగ వేలికి సుఖం, చెవికి బరువు. ఆ బరువునే తర్వాతి తరాలు వారసత్వంగా తీసుకున్నాయి.

రిఫ్‌కి పరీక్ష సులువు: మర్నాడు గొంతు లేకుండా దాన్ని కూనిరాగం తీయగలగాలి. ఇంకో పరీక్ష కొంచెం కష్టం: ఒక రిఫ్‌లోంచి ఇంకోటి పుట్టిందా, లేక పక్కపక్కన అతికించారా? అరచేత్తో తీగల్ని అదిమి వాయించే చోట ఊపిరి బిగబట్టి, వదిలేసిన చోట విప్పుకోవాలి. వేగం చాలామందికి వస్తుంది. వేగంలోంచి నడకలోకి ఎప్పుడు దిగాలో కొద్దిమందికే తెలుస్తుంది.

డ్రమ్స్‌లో రెండు కాళ్లతో సాగే డబుల్ బేస్, చేతులూ కాళ్లూ కలిసి విరుచుకుపడే బ్లాస్ట్ బీట్ వింటే మొదట ఆశ్చర్యపోతాం. ఆశ్చర్యం తగ్గాక వినాలి. కంప్యూటర్‌లో ప్రతి దెబ్బనూ సరిచేసి ఒకే బలానికి తెచ్చిన రికార్డింగ్‌లో మనిషి కనిపించడు. ఇక గొంతు. డెత్ మెటల్‌లో గుర్రుమంటూ పాడే పద్ధతి గ్రోల్. గ్రోల్‌ని రాగంగా వినబోతే ఏమీ దొరకదు, తాళంగా వింటే దొరుకుతుంది. అక్షరాలు రిఫ్ దెబ్బల మీద పడుతున్నాయా, వాటికి అడ్డం తిరుగుతున్నాయా అన్నదే అక్కడి ప్రతిభ.

రికార్డింగ్ నాణ్యత దగ్గర తొందరపడకూడదు. స్వీడన్ బ్యాండ్ ఎంటూమ్డ్ స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోలో ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’ (1990) చేసినప్పుడు, బాస్ కంపెనీ హెచ్‌ఎం-2 పెడల్‌తో తెచ్చిన రంపపు కోత లాంటి ధ్వని ఆ నగరానికే గుర్తయింది. నార్వే బ్యాండ్ డార్క్‌త్రోన్ ‘ట్రాన్సిల్వేనియన్ హంగర్’ (1994) ఆల్బమ్‌ను నాలుగు ట్రాకుల యంత్రం మీద రికార్డు చేసింది, ఆ గరుకుదనం కావాలనే ఎంచుకున్నది. మెటాలికా ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ (1988) పెద్ద కంపెనీ సరుకే అయినా అందులో బేస్ గిటార్ దాదాపు వినిపించదు. చూడాల్సింది ఖర్చును కాదు, ఆ ధ్వని ఆ పాటలకు అమరిందా లేదా అని. నిడివికీ ఇదే సూత్రం. స్లేయర్ ‘రెయిన్ ఇన్ బ్లడ్’ (1986) అరగంట కూడా ఉండదు, అయినా చాలలేదని ఎవరూ అనలేదు.

ఇంత శ్రమ ఎందుకంటే, అండర్‌గ్రౌండ్‌కి ఆడియో ఫంక్షన్లు లేవు, టీజర్లు లేవు. ఒకప్పుడు డెమో క్యాసెట్లు పోస్టులో దేశాలు దాటాయి, ఇప్పుడు ఆల్బమ్‌లు బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైట్‌లో అమ్ముడవుతున్నాయి. రెండు కాలాల్లోనూ ఆల్బమ్‌ను ముందుకు తోసింది విన్నవాడి మాటే. ఆ మాట బద్ధకంగా ఉంటే మంచి బ్యాండ్ మరుగున పడుతుంది, మొహమాటంగా ఉంటే మామూలు బ్యాండ్ అక్కడే ఆగిపోతుంది.

మన దగ్గర మొహమాటమే ఎక్కువ ప్రమాదం. మెటల్ వినేవాళ్లు కొద్దిమంది, అందరూ అందరికీ తెలిసినవాళ్లే. ‘మనవాళ్లు, కష్టపడ్డారు’ అని రెండు మార్కులు కలపాలనిపిస్తుంది. కలిపితే ఆ బ్యాండ్‌ను వేరే పంక్తిలో కూర్చోబెట్టినట్టే. విశాఖ జంట గిటార్లను జూడాస్ ప్రీస్ట్ పక్కన పెట్టి, హైదరాబాద్ డెత్ మెటల్‌ను ఆ సంగీతానికి పేరుపడ్డ ఫ్లోరిడా, స్టాక్‌హోమ్‌ల పక్కన పెట్టి వినాలి. మూడో పాటలో రెండో రిఫ్ ఎందుకు తేలిపోయిందో పేరుపెట్టి చెప్పాలి. వాళ్లు ఎంచుకున్న పోటీ అది. అందులో వాళ్లను పూర్తి మార్కులకు పరీక్షించడమే మనం ఇవ్వగల గౌరవం.