అభిమాని – సహృదయుడు: 'గబ్బర్ సింగ్' ఆధారముగా ఒక విచారణ

చలనచిత్రమును చూచి సహృదయుడు పొందు ఆనందమును, అభిమాని పొందు ఆనందమును ఒక్కటియేనా? మన ఆలంకారికులు సహృదయుని లక్షణమును విపులముగా చర్చించిరి. అభిమాని వారి యెదుట లేడు. నేడు సినిమాహాలులో ముందుగా వినబడునది అతని ఈలయే. కావున అతనిని పరిహసించి విడుచుట విమర్శకునకు తగదని మేము తలంచుచున్నాము.

ఉదాహరణముగా 2012 మే 11వ తేదీన విడుదలయిన 'గబ్బర్ సింగ్' చిత్రమును గ్రహింతము. దీనికి హరీశ్ శంకర్ దర్శకుడు. పవన్ కల్యాణ్ నాయకుడు. శ్రుతి హాసన్ నాయిక. 2010లో వచ్చిన 'దబాంగ్' అను హిందీ చిత్రము దీనికి మూలము. ఒక పోలీసు అధికారి సాహసము, భాగ్యలక్ష్మితోడి అతని ప్రణయము, దుష్టులపై అతని విజయము – ఇతివృత్తము స్థూలముగా ఇంతియే. ఇందు వీరశృంగారములకు చోటున్నది. అయినను అభిమాని పొందినది ఆ రసములనేనా యని సందేహము.

రసానుభవమునకు సాధారణీకరణము ఆవశ్యకమని భట్టనాయకుడు చెప్పెను. అభినవగుప్తుడు రసప్రతీతికి ఏడు విఘ్నములను పేర్కొనెను. ప్రేక్షకుడు తన స్వంత సుఖదుఃఖములకు వశుడగుట వానిలో నొకటి. అభిమాని స్థితి సరిగా ఇదియే. 2010లో 'పులి', 2011లో 'తీన్‌మార్', 'పంజా' ఆశించిన విజయమును పొందలేదు. ఆ కొరత తీరినదను సంతోషముతో 'గబ్బర్ సింగ్'ను చూచిన అభిమానికి తెరమీది వెంకటరత్నం నాయుడు కనబడడు. తన కథానాయకుడే కనబడును. అతని ఆనందము సత్యమే, కాని లౌకికము.

ఇది క్రొత్త వింత కాదని కొందరు ఆక్షేపింపవచ్చును. తిరుపతి వేంకటకవుల రాయబార పద్యములకు 'వన్స్ మోర్' అని కేకలు వేసిన ప్రేక్షకులును శ్రీకృష్ణుని మరచి నటునే చూచిరి గదా! ఆక్షేపణ సమంజసమే. అయినను ఒక భేదము కలదు. 'వన్స్ మోర్' పద్యము ముగిసిన పిమ్మట వచ్చును. అది నటుని విద్యకు లభించిన తీర్పు. అభిమాని ఈల నాయకుడు తెరమీదికి వచ్చుటతోడనే, అతడింకను ఏమియు చేయకమునుపే వచ్చును. మొదటిది ఫలమును చూచి మెచ్చుట. రెండవది మెచ్చుకొనుటకే వచ్చుట.

ఈ చిత్రముననే ఈల క్రమము మారిన ఘట్టమొకటి గలదు. దుండగులచేత నాయకుడు అంత్యాక్షరి ఆడించు ఘట్టము హిందీ మూలమున లేదు. భయంకరులుగా కనబడినవారు పాటలు పాడుచుండగా కలిగిన హాస్యము అభిమానము లేనివారిని సయితము నవ్వించినది. ఇచ్చట మెప్పు నటనను వెన్నంటి వచ్చినది. అభిమానియు సహృదయుడును ఏకమైరి.

గమనింపవలసిన విశేషము మరియొకటి. ఈ కథలోని నాయకుడే ఒక అభిమాని. 1975 నాటి 'షోలే'లోని బందిపోటు గబ్బర్ సింగును మెచ్చి బాల్యముననే ఆ పేరు పెట్టుకొన్నవాడు. ఆ బందిపోటు క్రౌర్యమును విడిచి, ఠీవిని మాత్రమే గ్రహించెను. దొంగ పేరు రక్షకభటునకు అలంకారమైనది. అభిమానము గుణదోషములను ఎట్లు వేరుచేయునో, దోషమును ఎట్లు కనబడనీయదో తెలుపుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఇది కేవలము శాస్త్రచర్చ కాదు. ఖాకీ దుస్తులు ధరించినవాడు చట్టమును ప్రక్కకు నెట్టి చేయి చేసికొన్నప్పుడు, సహృదయుడు ఆ పనికి ఔచిత్యమున్నదా యని విచారించును. అభిమానికి ఆ విచారణ పుట్టదు. చేసినవాడు తనవాడు; కావున అది లీల. న్యాయాన్యాయ విచారణ చేయవలసిన చోట ఈల వినబడుట సంఘమునకు క్షేమకరము కాదు.

అభిమానిని పరిశోధనకు అనర్హుడని త్రోసివేయరాదు. ఒక్కొక్క ఘట్టమున అతని ఈల నటనకు ముందు వచ్చినదా, వెనుక వచ్చినదా యని పరిశీలింపవలెను. వెనుక వచ్చినచోట కళ కలదు. ముందు వచ్చినచోట అభిమానము మాత్రమే కలదు. ఈ రెంటిని వేరుచేసి చూపుట విమర్శకుని ధర్మము.