ఫైలు, కోలన్, లైను నంబరు

టెస్టులు ఫెయిలవడం ప్రోగ్రామర్లకు రోజూ ఉండేదే. ఎక్కడ ఫెయిలైందో చెప్పే తీరులోనే టూల్ చేసినవాడి పనితనం బయటపడుతుంది. ‘బిల్లు.సి:42:7: 118 రావాలి, 100 వచ్చింది’. ముందు ఫైలు పేరు, తర్వాత లైను నంబరు, ఆ లైనులో ఎన్నో అక్షరమో, చివర అసలు సంగతి. మధ్యలో కోలన్లు. ఇంతే! దీన్ని మనిషీ చదవగలడు, ఎడిటరూ చదవగలదు. ఎడిటర్‌కి అర్థమైతే ఒక్క మీట నొక్కగానే కర్సర్ వెళ్లి 42వ లైనులో నిలబడుతుంది.

ఈ వరసను గ్నూ ప్రాజెక్టు తన కోడింగ్ ప్రమాణాల్లోనే రాసిపెట్టింది. లైన్లనూ అక్షరాలనూ ఒకటి నుంచే లెక్కపెట్టాలని కూడా చెప్పింది. నాలుగు ఫైళ్లలో గ్రెప్‌తో వెతికి లైను నంబర్లు అడిగినా ఇదే తీరు. యూనిక్స్ లోకంలో పాతుకుపోయిన అలవాటు ఇది, అంతకుమించి పుట్టుపూర్వోత్తరాలు తవ్వక్కర్లేదు.

విమ్ ఎడిటర్ సృష్టికర్త బ్రామ్ మోలెనార్, ఎర్రర్ల జాబితా పట్టుకుని ఒక్కొక్కదాని దగ్గరికీ దూకే ‘క్విక్‌ఫిక్స్’ ఆలోచనను అమీగా కంప్యూటర్ల మీది ఆజ్టెక్ సి కంపైలర్ నుంచి తీసుకున్నాడు. తీసుకుని దాన్ని ఎక్కడికో తీసుకెళ్లాడు. ‘ఎర్రర్‌ఫార్మాట్’ అనే ఒక్క సెట్టింగులో ఫైలు పేరు ఎక్కడుంటుందో, లైను నంబరు ఎక్కడుంటుందో గుర్తులతో రాసిస్తే చాలు, ఏ టూల్ అవుట్‌పుట్‌నైనా విమ్ విడదీస్తుంది. నాలుగైదు లైన్ల మీద సాగే ఎర్రర్‌కి మొదలు ఏది, కొనసాగింపు ఏది, ముగింపు ఏది అని చెప్పడానికి వేరే గుర్తులున్నాయి. బిల్డ్ నడిపే మేక్ ‘ఫలానా డైరెక్టరీలోకి వెళ్తున్నా’ అని ప్రకటిస్తే దాన్ని కూడా గుర్తుపెట్టుకుని, సగం పేరుతో వచ్చిన ఫైలుని సరైన చోట వెతుకుతుంది. ఇంత సూక్ష్మమైన పని చేసినవాడికి దండం పెట్టొద్దూ! పోటీ ఎడిటర్ ఈమాక్స్ వాళ్లు ఊరుకోరు. తమ కంపైలేషన్ మోడ్‌లో పదుల కొద్దీ టూళ్ల తీరుతెన్నులు ముందే అమర్చి ఉన్నాయంటారు. నిజమే. అయినా ఈ వ్యాసకర్త ఓటు విమ్‌కే.

టెస్టు టూళ్లు చేసేవాళ్లలోనూ ఘనులున్నారు. గూగుల్‌టెస్ట్‌నే చూడండి. జీసీసీతో కంపైల్ చేస్తే ఫైలు పేరు తర్వాత కోలన్ పెడుతుంది. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో చేస్తే లైను నంబరును బ్రాకెట్లలో ఇస్తుంది, ఎందుకంటే విజువల్ స్టూడియో ఆ తీరునే గుర్తుపడుతుంది. ఏ ఊరికి ఆ భాష! గో భాష వాళ్లు 1.9లో ‘హెల్పర్’ అని ఒక చిన్న ఫంక్షన్ తెచ్చారు. పోలిక చూసే పని వేరే ఫంక్షన్‌లో ఉంటే ఫెయిలైన ప్రతిసారీ ఆ ఫంక్షన్ లైనే కనబడేది. అందులో హెల్పర్‌ని పిలిస్తే అసలు టెస్టులోని లైను కనబడుతుంది. రస్ట్ 2023లో, 1.73 విడుదలలో, టెస్టు కూలినప్పుడు కనబడే పానిక్ సందేశాన్ని తిరగరాసింది. అంతకుముందు ఫైలు, లైను పొడుగాటి సందేశం తోకన వేలాడేవి. ఇప్పుడు అవి ముందొస్తాయి, సందేశం కింది లైనులోకి దిగుతుంది.

ఇంత చక్కటి సంప్రదాయాన్ని ఇవాళ ఏం చేస్తున్నారో చూస్తే కడుపు మండుతుంది. రంగులు, డబ్బాలు, టిక్కులు, ఎమోజీలు! స్క్రీన్‌షాట్‌కి బాగుంటాయి, సందేహం లేదు. కానీ ఫైలు పేరుకు ముందు రంగు కోడ్ దూరితే, లైను మొదట్లో పేరు కోసం చూసే ఎడిటర్‌కి ఏమీ దొరకదు. ఫైలు దారి పొడుగైందని మధ్యలో మూడు చుక్కలు పెట్టి నరికేసేవాళ్లున్నారు. ఆ నరికిన దారిని ఎవరు తెరవాలి? డాకర్ లోపల నడిచిన టెస్టులు కంటెయినర్‌లోని దారిని ముద్రిస్తాయి. బయట ప్రోగ్రామర్ మెషీన్‌లో ఆ ఫోల్డరే ఉండదు. ఇంత మెచ్చుకున్న గో కూడా మామూలుగా డైరెక్టరీ వదిలేసి ఉత్త ఫైలు పేరే ఇస్తుంది. ఒకే పేరుతో రెండు ఫైళ్లుంటే ఎడిటర్ చేతులెత్తేస్తుంది.

‘ఎక్స్‌ఎమ్‌ఎల్ రిపోర్టు ఇస్తున్నాం కదా’ అనేవాళ్లకు జవాబు ఒకటే. జేయూనిట్ తరహా రిపోర్టుల్లో చాలావాటికి లైను నంబరుకంటూ వేరే చోటే ఉండదు, స్టాక్ ట్రేస్ లోపల ఎక్కడో పూడుకుపోయి ఉంటుంది. విఎస్ కోడ్ ‘ప్రాబ్లమ్ మ్యాచర్’ ఇచ్చింది, మంచిదే. కానీ అది ఎరగని టూల్ ఎదురైన ప్రతిచోటా ఎవరో ఒకరు కూర్చుని రెగెక్స్ అల్లుకోవాల్సిందే. టూల్ కొత్త వెర్షన్‌లో ముస్తాబు మారిస్తే అది కాస్తా తెగుతుంది.

టెస్టు టూళ్లు రాసేవాళ్లను వేడుకునేది పెద్దదేమీ కాదు. పైటెస్ట్‌లో ట్రేస్‌బ్యాక్‌ను ‘లైన్’ తీరులో అడిగితే ఒక్కో ఫెయిల్యూర్‌కి ఒక్కో లైను ఇస్తుంది. అలాంటి సదుపాయం మీరూ ఒకటి పెట్టండి. అదీ కాదంటే, అవుట్‌పుట్ టెర్మినల్‌కు కాక పైపులోకి వెళ్తున్నప్పుడైనా రంగులు ఆపి, ఫైలు దారిని ప్రాజెక్టు మొదటి ఫోల్డరు నుంచి పూర్తిగా రాయండి.