చౌకగా దొరికే మూడు వందల నాట్లు

అమెరికాలో పాత ట్విన్ టర్బోప్రాప్ కొందామనుకునేవారు బీచ్‌క్రాఫ్ట్ కింగ్ ఎయిర్ 200 ధర చూసి వెనకడుగు వేస్తారు. అప్పుడు మిత్సుబిషి ఎంయూ-2 కంటపడుతుంది. 1963లో తొలిసారి ఎగిరిన ఈ విమానం తయారీ 1986లో ఆగిపోయింది. ధర చాలా తక్కువ, వేగమేమో 300 నాట్ల దరిదాపుల్లో.

ఆ వేగం రెక్కలోంచి వచ్చింది. కింగ్ ఎయిర్ 200 రెక్క 303 చదరపు అడుగులు. ఎంయూ-2ది 178 మాత్రమే. అంత చిన్న రెక్కతో నెమ్మదిగా దిగాలంటే దాని పొడవునా ఫ్లాప్‌లు పెట్టాల్సి వచ్చింది. ఐలరాన్లకు చోటు మిగల్లేదు. విమానాన్ని పక్కకు వంచే వాటి పనిని స్పాయిలర్లకు అప్పగించారు. ఒక ఇంజన్ ఆగినప్పుడు పైలట్ పాత అలవాటు కొద్దీ వీల్ తిప్పితే, స్పాయిలర్ లేచి, ఎంతో అవసరమైన లిఫ్ట్‌ను తగ్గించేస్తుంది.

ప్రమాదాలు పెరగడంతో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2008లో ఈ విమానానికి ప్రత్యేక శిక్షణ తప్పనిసరి చేసింది. ఆ తర్వాత ప్రమాదాలు బాగా తగ్గాయి. విమానం అదే, నడిపే పద్ధతి మారింది. అందుకే ఏటా అయ్యే శిక్షణ ఖర్చును ఈ శీర్షిక రచయిత విమానం ధరలో భాగంగానే లెక్కిస్తారు. అక్కడ పొదుపు చేయడమంటే ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమే.

కింగ్ ఎయిర్ వైపూ లెక్క చూడాలి. దాని పీటీ6 ఇంజన్లకు సాధారణంగా 3,600 గంటలకు ఓవర్‌హాల్, నడుమ హాట్ సెక్షన్ తనిఖీ. 3,400 గంటలు తిరిగిన ఇంజన్లతో చవగ్గా వచ్చిన విమానం త్వరలోనే లక్షల డాలర్లు అడుగుతుంది, అదీ రెండు ఇంజన్లకూ.

ఇక అవసరం. 300 నాటికల్ మైళ్ల ప్రయాణంలో 300 నాట్ల విమానం 270 నాట్లదాని కంటే ముందు చేరేది ఏడు నిమిషాలే. 900 మైళ్లయితే ఇరవై నిమిషాలు. ఎక్కువగా దగ్గరి ఊళ్లకే వెళ్లేవారికి ఆ తేడా కంటే, విశాలమైన క్యాబిన్, అలవాటైన మెకానిక్ సులువుగా దొరకడం ముఖ్యం. ఏ విమానం వైపు మొగ్గినా, అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్ లాగ్‌బుక్‌లు చదివి, ఇంజన్లు విప్పి చూశాకే డబ్బు చేతులు మారాలి.