ఎవరి పక్కన ఎవరు

2009లో హైదరాబాద్ అమెరికా కాన్సులేట్‌లో వీసాలు మొదలయ్యేదాకా మన పిల్లలు వీసా ఇంటర్వ్యూకి చెన్నై పోవాల్సిందే. పొద్దున్నే జెమినీ ఫ్లైఓవర్ పక్కన క్యూ. మధ్యాహ్నం కాకముందే అవునో కాదో తేలిపోయేది. ఇక సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేదాకా పొద్దుపోయేదెలా? ఎండలో బీచికి పోలేం. చల్లగా ఏసీ ఉండి, ఏమీ కొనకపోయినా ఎవరూ ఏమీ అనని చోటు దగ్గర్లో స్పెన్సర్ ప్లాజాయే. వీసా వచ్చినవాళ్లు అక్కడ సూట్‌కేసు కొనేవాళ్లు. రానివాళ్లు మ్యూజిక్ వరల్డ్‌లో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని నిలబడేవాళ్లు. నేను రెండో రకం.

1863లో మొదలైన స్పెన్సర్ కంపెనీ దొరలకీ జమీందార్లకీ సామానమ్మిన భవనం ఒకప్పుడు మౌంట్ రోడ్డులో అక్కడే ఉండేది. 1980లలో అది అగ్నిప్రమాదంలో పోయింది. ఆ స్థలంలోనే ఇప్పటి ప్లాజా దశలవారీగా లేచింది. 1990లలో చెన్నైకి వెళ్లొచ్చిన నెల్లూరు, తిరుపతి కుర్రాళ్లు ఎస్కలేటర్ ఎక్కామని గొప్పగా చెప్పుకునే చోటు అది. ల్యాండ్‌మార్క్‌లో పుస్తకాలు, వెస్ట్‌సైడ్‌లో బట్టలు. సినిమా కావాలంటే అదే రోడ్డులో దేవి కాంప్లెక్స్ ఉండనే ఉంది.

ఈ మధ్య ఇంట్లో పెళ్లికి బట్టలు కొనడానికి చెన్నై వెళ్లాం. టీ నగర్‌లో చీరల బేరం ఆడవాళ్లకి వదిలేసి, మా పెద్దమ్మ చిన్నకొడుకుని వెంటబెట్టుకుని స్పెన్సర్‌కి పోయాను. వాడు హైదరాబాద్‌లో మాల్ లీజింగ్ చేస్తాడు. ఇంట్లో ముసలివాళ్ల లెక్కలో వాడు ‘షాపులు బాడుగకిచ్చే అబ్బాయి’. నేనూ చాలాకాలం అంతే అనుకున్నాను గానీ, వాడి పక్కన నడిస్తే తెలిసింది, అదో విద్య.

వరసగా మూడు షట్టర్లు మూసి ఉన్న చోట వాడు ఆగాడు. మూడిటి మీదా అద్దెకిస్తామన్న కాగితాలు. ఒకటి ప్రింటు తీసింది, ఒకటి స్కెచ్ పెన్నుతో రాసింది, మూడోది ఎండి అంచులు పైకి లేచినది. మూడు కాగితాల మీదా మూడు వేరే వేరే ఫోన్ నంబర్లు. “చూశావా అన్నా, రోగం ఇదే” అన్నాడు.

వాడి పని అద్దె వసూలు చేయడం కాదు. పెళ్లి బంతిలో ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో చూసుకునే మేనమామ పని. జనాన్ని లాక్కొచ్చే పెద్ద షోరూముని యాంకర్ అంటారు. దానికి అడుగు రేటు బాగా తగ్గించి, దాదాపు బతిమాలి తెచ్చుకుంటారు. ఆ లోటుని చిన్న షాపుల దగ్గర రాబడతారు, ఎందుకంటే యాంకర్ కోసం వచ్చిన జనమే వాటి ముందునుంచి నడుస్తారు. సినిమా హాళ్లు పై అంతస్తులో పెట్టేదీ ఇందుకే. ఆట విడిచాక జనం ఫుడ్‌కోర్ట్ మీదుగా అంతస్తు అంతస్తూ దిగుతారు. పైకెళ్లే ఎస్కలేటర్ దిగిన చోటే తర్వాతి అంతస్తుకి ఇంకోటి పెట్టరు, చుట్టూ సగం నడిస్తేగానీ దొరకదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు తిట్టుకుంటారు, ఆ సగం నడకలో ఒక చెప్పుల షాపు బతుకుతుంది.

అన్నిటికంటే కీలకం అద్దె ఒప్పందం. చాలా మాల్స్‌లో షాపువాడు నెలకి ఇంత అని కనీసం కట్టాలి, లేదా అమ్మకాల్లో ఇంత శాతం ఇవ్వాలి, ఏది ఎక్కువైతే అది. అంటే షాపులో గిరాకీ పడిపోతే మాల్ ఓనరుకీ నిద్ర పట్టదు. పక్క షాపు మార్చి చూస్తాడు, దారి మళ్లిస్తాడు, పండక్కి మధ్యలో బొమ్మల కొలువు పెట్టిస్తాడు.

స్పెన్సర్‌లో షాపులు చాలావరకు విడివిడిగా అమ్మేశారు. ఆ రోజుల్లో దేశమంతా అదే పద్ధతి, బిల్డరుకి పెట్టుబడి చప్పున తిరిగొస్తుంది. కానీ అమ్మిన మర్నాటి నుంచి ఆ లంకె తెగిపోతుంది. పుస్తకాల షాపు ఖాళీ చేస్తే దాని స్థానంలో మళ్లీ జనాన్ని తెచ్చేది ఏదో ఒకటి రావాలని ఎవరు పట్టుబడతారు? ఆ షాపు ఓనరుకి అద్దె వస్తే చాలు. వద్దు అనగలిగిన మనిషి ఒక్కడు కూడా లేని బజారు అయిపోతుంది.

ఈలోగా 2010లో, నడిచి వెళ్లగలిగినంత దూరంలో, రాయపేటలో ఎక్స్‌ప్రెస్ అవెన్యూ మాల్ వచ్చింది, మల్టీప్లెక్స్‌తో సహా. 2013లో వేళచ్చేరిలో ఫీనిక్స్ వచ్చింది. అదే ఏడు దేశమంతటా మ్యూజిక్ వరల్డ్ మూతపడింది, దాని జబ్బు వేరు, పాటలు ఫోన్లోకి పోయాయి. మౌంట్ రోడ్డుని మెట్రో కోసం ఏళ్ల తరబడి తవ్వారు. 2019లో దగ్గర్లోనే ఎల్‌ఐసీ స్టేషన్ తెరిచేసరికి జనానికి ఇటు వచ్చే అలవాటే తప్పింది.

అమెజాన్ వచ్చి మాల్స్‌ని చంపేసిందని తేలిగ్గా అనేస్తుంటారు. నాకది నమ్మబుద్ధి కాదు. ఆన్‌లైనే చంపితే ఎక్స్‌ప్రెస్ అవెన్యూలో ఆదివారం నిలబడే చోటు ఎందుకుండదు? నలభై శాతం పైగా ఖాళీగా ఉన్న మాల్‌ని ఘోస్ట్ మాల్ కింద లెక్కేసే నైట్ ఫ్రాంక్ సంస్థ 2023లో దేశంలోని పెద్ద ఊళ్లలో అలాంటివి 64 చూపించింది. అదే ఊళ్లలో కిటకిటలాడే మాల్సూ ఉన్నాయి.

మావాడి మందు ఒకటే, ఒక్క చేతిలోకి రావాలి. కూకట్‌పల్లి చూడమంటాడు. మంజీరా మాల్ ఉన్న కట్టడంలోనే 2023 సెప్టెంబరులో లూలూ తెరిస్తే, కొత్తలో ఆ రోడ్డు మీద బండి కదల్లేదు. గోడలు అవే, ఊరు అదే.

నాకు పూర్తిగా ఒప్పుదల కాలేదు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీలో కంప్యూటర్లు, ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో సెల్‌ఫోన్లు. ఇరుకు మెట్లు, తలకి తగిలే వైర్లు, షాపుకో ఓనరు. అయినా మౌస్ పాడైనా, ఫోన్ స్క్రీన్ పగిలినా మన కాళ్లు అటే పోతాయి. ఒకే వ్యాపారం కుదురుకుంటే ఓనర్లు ఎందరున్నా నడుస్తుంది. స్పెన్సర్‌కి ఆ కుదురు చిక్కలేదు. అక్కడ కశ్మీర్ శాలువాల పక్కన సూట్‌కేసులు, వాటి పక్కన మొబైల్ కవర్లు, ఆ పైన ఆఫీసులు.

ఒక టైలర్ షాపు ముందు మావాడు మళ్లీ ఆగాడు. మా మాటలు విని ఆయనే తెలుగులోకి దిగాడు, చిత్తూరు యాసలో. షాపు ఓనరు వేరే ఊళ్లో ఉంటాడట, ఫోన్ చేయడమే తక్కువ, అద్దె పెంచి చాలాకాలమైందట. అద్దె ఎంతో కూడా దాచకుండా చెప్పాడు. మావాడు మనసులో అడుగుకి ఎంత పడుతుందో లెక్క కట్టుకున్నాడు, పెదాలు కదులుతున్నాయి.

“మా మాల్‌లో ఈయనకి కియోస్క్ కూడా రాదన్నా” అన్నాడు చిన్నగా. ఆ తర్వాత పెళ్లికని రెండు చొక్కాలకి కొలతలిచ్చాడు. రేపు సాయంత్రానికి ఇస్తానన్నాడాయన. బయటికొస్తూ మావాడు పక్క షట్టర్ మీది నంబరు ఫోన్లో ఎక్కించుకుంటున్నాడు. ఎందుకురా అంటే, ఊరికే, రేటు కనుక్కుందామని అన్నాడు.