పంటివేరు ఫైళ్ళ అరుగుదల: పరిశోధనలపై ఒక విమర్శ

రూట్ కెనాల్ వైద్యంలో పంటివేరు లోపలి నాళాన్ని గీకి శుభ్రపరచడానికి సన్నని ఫైళ్ళను వాడుతారు. కమ్మరి ఆకురాయి పనే వీటి పని. కాని ఇవి వంకర నాళంలో పనిచేయవలసి ఉన్నది. నికెల్, టైటానియంల మిశ్రలోహంతో చేసిన ఫైలు ఉక్కు ఫైలు కంటె రెండు మూడు రెట్లు సులువుగా వంగుతుందని 1988లో వాలియా, బ్రాంట్లీ, గెర్‌స్టీన్ చూపారు. యంత్రంతో తిప్పే ఫైళ్ళకు దీనితో దారి ఏర్పడినది. ఒక్కొక్క ఫైలును ఎన్నిసార్లు వాడవచ్చుననే ప్రశ్న కూడ పుట్టినది. ఫైలు ఖరీదైనది, కాని అది విరిగితే ముక్క నాళంలో చిక్కుకొని, దాని దిగువ భాగాన్ని శుభ్రపరచడం కష్టమవుతుంది. నష్టపోయేది రోగి.

ఈ ప్రశ్నపై వెలువడిన పరిశోధనలలో అనేకం ఒకే తీరున నడుస్తాయి. ఫైలును కొన్నిసార్లు వాడి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని క్రింద ఉంచి, మొద్దుబారిన అంచులను, గుంటలను, బీటలను లెక్కిస్తారు. దీనివల్ల మేలు లేకపోలేదు. మొద్దుబారిన అంచు సరిగా గీకదు. గీకనిదానిని వైద్యుడు మరింత నొక్కుతాడు. నొక్కినకొద్దీ ఫైలుపై మెలి పెరుగుతుంది. అయితే కొత్త ఫైలుమీద కూడ తయారీలో పడిన గీతలుంటాయి. వాడకముందు తీసిన చిత్రం లేనిదే ఏ గీత ఎప్పటిదో తేలదు.

అంతకంటె పెద్ద లోపం, పైన కనబడేదానిని బట్టి లోహపు ఆయువును అంచనా కట్టడం. ఫైలు ప్రధానంగా రెండు విధాల విరుగుతుంది. కొన నాళంలో పట్టుబడి, పైభాగం ఇంకా తిరుగుతుంటే మెలిపడి తెగుతుంది. దీనికి ముందు తరచు పురి విడిపోవడం కనబడుతుంది. రెండవది లోహపు అలసట. వంపులో తిరిగే ఫైలు వెలుపలివైపు సాగి, లోపలివైపు ఒత్తుకొంటుంది. ప్రతి చుట్టులోను ఇవి తారుమారవుతాయి. నిమిషానికి 300 చుట్లయితే సెకనుకు 5 సార్లు! తీగను అటూ ఇటూ వంచి తెంపడం వంటిదే ఇది. వంపు ఎంత బిగువైతే ఆయువు అంత తక్కువని 1997లో ప్రూయెట్, అతని సహచరులు నిరూపించారు. ఇట్టి ఫైలు కంటికి నిక్షేపంగా ఉండి హఠాత్తుగా విరగవచ్చును.

మెల్‌బోర్న్ పరిశోధకులు 2000లో 378 పారవేసిన ఫైళ్ళను పరీక్షించగా దాదాపు సగంలో లోపాలు కనబడినవి. 2004లో నాలుగు దేశాల 14 మంది నిపుణులు వాడి పారవేసిన 7,159 ఫైళ్ళను చూడగా విరిగినవి 5 శాతమే. రెండవ పరిశోధనలో ఒక వింత ఉన్నది: లోపం గల ఫైళ్ళను సగటున 3.3 సార్లు, లోపం లేనివాటిని 4.5 సార్లు వాడారు. ఎక్కువ వాడితే క్షేమమని దీని అర్థం కాదు. చెడినదానిని ముందే పారవేస్తారు గనుక దాని లెక్క అక్కడే ఆగిపోతుంది. లోపాలపై అన్నిటికంటె ఎక్కువ ప్రభావం వాడేవారిదేనని ఆ పరిశోధకులు తేల్చారు. వాడిన లెక్క ఒక్కటే ప్రమాణం కాజాలదని దీనివల్ల విశదమవుతున్నది.

కావున ఇకపై పరిశోధనలు ఎన్నిసార్లు అన్నదానితో పాటు ఏ వంపులో, ఎంతసేపు, ఎంత ఒత్తిడితో అన్నవికూడ నమోదు చేయవలసి ఉన్నది. ఒకేసారి వాడమని తయారీదారు చెప్పిన ఫైలును మరల వాడరాదు. మిగిలినవాటిలోను, బిగువైన వంపులో పనిచేసినదానిని మచ్చ లేకున్నా పారవేయడమే మేలు. మచ్చ లేని ఫైలు అలసిపోని ఫైలు కాదు.